పట్టును విడుపును

గృహమును నడుపు స్త్రీకి మూత పెట్టుట యెంత ముఖ్యమో, వేళకు మూత తొలగించుటయు నంత ముఖ్యము. పాలు కాగునపుడు గిన్నెపై మూతను ఓరగా నుంచుదుము గాని బిగియ మూయము. ఇడ్లీపిండి రాత్రి పొంగునని యెఱిగి, గిన్నెలో నాలుగు వ్రేళ్ల వెలితి విడుతుము. ఇందుకై మన కెవరును శాస్త్రము చెప్పలేదు. పొంగునది పొంగక మానదనియు, దారి చూపనిచో నదియే దారి చేసికొనుననియు వంటయిల్లే మనకు నేర్పినది. లోకజ్ఞానము గలవారిని పట్టువిడుపులు తెలిసినవారని పెద్దలు మెచ్చుకొనుటయు నిట్టి యనుభవమువలననే యని నాకు తోచును. కాని నేడు మన యిండ్లలోనికి వచ్చుచున్న యంత్రములలో పట్టు మాత్రమే కంటికి కనబడును. విడుపు గోడలోనో, పైకప్పులోనో, గీజరు క్రిందనో దాగియుండును. ఒక్కొక్కప్పుడు అసలే యుండదు. ఈ విషయమై మా యింటి యనుభవమును, దానివలన తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు తెలుపుట యుపయోగకరమని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మేము సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు సమీపమున నివసించుచున్నాము. బొంబాయి రహదారి వెంట రామచంద్రాపురము మొదలు పాశమైలారము వఱకును, ఉత్తరమున బొల్లారము, గడ్డపోతారము, బొంతపల్లి గ్రామముల వఱకును కర్మాగారముల వరుసలే. రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. వారి యంత్రశాల 1960ల నాటిది. మెట్టపంటల పరిశోధనకై ఇక్రిశాట్ సంస్థ 1972లో పటాన్‌చెరులో స్థాపితమైనది. ఆ పిమ్మట మందుల కర్మాగారములు, రసాయన కర్మాగారములు నొకదాని వెనుక నొకటి వచ్చినవి. మా వారును పాశమైలారమున నొక మందుల కర్మాగారములో యంత్రముల మరమ్మతు శాఖలో పనిచేయుచున్నారు. ఇచటి గాలి రెండు విధముల గట్టిది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. శీతకాలపు తెల్లవారుజామున 10 డిగ్రీలకు దిగువకు పోవు దినములును గలవు. ఇంటిలో వృద్ధులుగాని, పసిపిల్లలుగాని యున్నచో రెండు కాలములయందును కష్టమే.

మా యిల్లు కట్టునపుడు గదికొక ఏసీ పెట్టుటకు బదులుగా, ఇంటికంతకు నొక్కటే పెద్ద యంత్రమును పెట్టి, పైకప్పు క్రింద డక్టులను గాలిగొట్టముల ద్వారా గదులన్నిటికి గాలి పంపు నేర్పాటు చేసిరి. అది నాలుగు టన్నుల యంత్రము. వేసవిలో చల్లని గాలిని, త్రిప్పి నడపినచో శీతకాలమున వెచ్చని గాలిని ఇచ్చును. ఒక సంవత్సరము గడచిన పిదప, రాత్రివేళ నెవరును లేని హాలు కూడ చల్లబడుట దండుగ యని తోచి, ఇంటిని నాలుగు జోన్లుగా విభజింపించితిమి. హాలును భోజనశాలయు నొకటి; మా గది యొకటి; పిల్లల గది యొకటి; మా అత్తగారి గది యొకటి. ప్రతి డక్టులోను డ్యాంపరను పేర మోటారుతో తిరుగు రేకు తలుపు నొకదానిని అమర్చిరి. ఏ గదికి గాలి వలయునో ఆ గది మీట నొక్కినచో నా తలుపు తెఱచుకొనును, తక్కినవి మూతపడును. పనివారు డబ్బు పుచ్చుకొని వెడలిరి. మొదటి నెల విద్యుత్తు బిల్లు తగ్గినది. ఇంతవఱకు నంతయు బాగుగనే యున్నది.

మా అత్తగారు డెబ్బదియేండ్లు దాటినవారు. రాత్రి ఎనిమిది గంటలకే పడుకొందురు. తక్కినవారము పదిగంటలు దాటిన పిదప గదులకు పోదుము. ఆ నడుమ రెండు గంటలును ఆమె గది తలుపొక్కటియే తెఱచియుండును. ఆ సమయమున గదిలో నొక వింత ధ్వని బయలుదేరెను. గాలి జాలినుండి బుసకొట్టుచు మంచముమీదికి దుమికెడిది. మే నెలలో ఆమె రగ్గు కప్పుకొని పడుకొనవలసి వచ్చెను. "బిడ్డా, ఈ గాలి రాత్రంత పాము లెక్క బుసకొడుతున్నది. నాకు ఫ్యానే మంచిగుండె" యని యొకనాడు చాప తీసికొని హాలులోనికి వచ్చి పడుకొనిరి. మోకాళ్ల నొప్పులుగల వృద్ధురాలు నేలపై పడుకొనుట చూచి నాకు మిక్కిలి బాధ కలిగెను. ఎవరి సుఖమునకై యీ యంత్రమును ముఖ్యముగా పెట్టించితిమో, వారినే అది గదినుండి వెళ్లగొట్టినది. మూడవ వారమున పైకప్పునుండి నీటిచుక్కలు రాలసాగెను. పలక విప్పి చూడగా, గాలిని చల్లబఱచు రాగిగొట్టముల చుట్టపై తెల్లని మంచు గడ్డకట్టియున్నది.

జోన్లు అమర్చినవారిని కాక మఱియొక మెకానిక్కును పిలిపించితిమి. అతడు చిన్నవాడైనను పని తెలిసినవాడు. ఒక్కొక్క గది మీటను నొక్కుచు, డక్టులోని యొత్తిడిని కొలిచి చూచెను. గాలి యొత్తిడి మిక్కిలి స్వల్పమైనది గనుక దానిని, అది యెన్ని యంగుళముల యెత్తు నీటిని పైకి నెట్టగలదో ఆ లెక్కన కొలుతురట. అన్ని తలుపులు తెఱచినపుడు అర యంగుళమున్నది, అత్తగారి గది తలుపొక్కటియే తెఱచినపుడు అంగుళము దాటినది. "అమ్మా, మిషను మంచిగనే ఉంది. గాలి పోనీకి జాగ లేదు, గంతే" యని యతడు చెప్పెను. ఆ యొక్క మాటలో వ్యాధియంతయు నున్నది.

సంగతి యిది. సామాన్యముగా నొక టన్నుకు నిమిషమునకు 400 ఘనపుటడుగుల గాలి చొప్పున లెక్కింతురు. మా నాలుగు టన్నుల యంత్రము నిమిషమునకు 1,600 ఘనపుటడుగుల గాలిని త్రోయును. అత్తగారి గదికి పోవు డక్టు 250 ఘనపుటడుగులకు సరిపోవునట్లు కట్టినది. తక్కిన మూడు తలుపులును మూసినను, పంకాకు ఆ సంగతి తెలియదు; అది తన బలముకొలది త్రోయుచునే యుండును. ఊదుగొట్టముతో పొయ్యి నూదినవారికి దీని స్వభావము చెప్పనక్కఱలేదు. నోటినుండి మెల్లగా వచ్చు ఊపిరియే ఇరుకు రంధ్రమునుండి వెడలునపుడు నిప్పును రాజవేయు వేగము పొందును. ఒకే గొట్టములో రెండింతల గాలిని పంపవలెనన్న నాలుగింతల యొత్తిడి కావలెను. కావున గదిలో బుస, పంకాకు శ్రమ, డక్టుల యతుకులు సడలి, చల్లని గాలి పైకప్పులోనే వృథాయగుట.

మంచు కట్టుట కింకొక కారణము గలదు. ఆ రాగిగొట్టముల చుట్ట, తనమీదుగా పోవు వెచ్చని గాలినుండి వేడిని గ్రహించుచున్నంత కాలమే తగిన చల్లదనమున నిలుచును. గాలి తగ్గినచో దానికి వేడి యందక, సున్న డిగ్రీలకు దిగువకు పోవును. గాలిలోని తేమ దానిపై మంచగును. ఆ మంచు మఱికొంత గాలి నడ్డును. అట్లే కొనసాగినచో యంత్రమునకు గుండెకాయ వంటి కంప్రెసరుకే చేటు. శీతకాలమున త్రిప్పి నడపునపుడు దీనికి వ్యతిరేకము: వేడి పోవు దారి లేక యంత్రములోని వాయువు ఒత్తిడి పెరిగి, రక్షణమీట యంత్రమును నిలిపివేయును. చలిరాత్రి యంత్రమెందు కాగినదో తెలియక ఇంటివారు మరల మరల మీట నొక్కుచుందురు.

దీనికి చికిత్సలు రెండుమూడు గలవు. మొదటిది బైపాసు. బయలుదేరు పెద్ద డక్టునుండి, గాలి తిరిగివచ్చు డక్టులోనికి నడుమ నొక అడ్డుగొట్టము వేసి, అందులో బరువు కట్టిన రేకు తలుపు నుంచుదురు. ఒత్తిడి హెచ్చినపుడు గాలియే ఆ రేకును త్రోసికొని వెడలిపోవును. తగ్గగానే బరువుచేత రేకు మూతపడును. కుక్కరుపై మనము పెట్టు బరువు చేయు పనియే యిదియు చేయును. ఇది సులభమైనదే గాని ఇందొక దోషము గలదు. చల్లబడిన గాలియే మరల చల్లబఱచు చుట్టపైకి పోవుటచేత మంచు కట్టు వ్యాధి తగ్గుటకు మారుగా పెరుగవచ్చును. అందువలన మా మెకానిక్కు రెండవ మార్గమును చెప్పెను. విడుదలయైన గాలిని తిరుగుడక్టులోనికి కాక, హాలులో దూరపు మూలకు వదలవలెను. అచటి వెచ్చని గాలితో కలిసి, మెల్లగా తిరిగివచ్చునప్పటికి అది యంత్రమునకు కీడు చేయదు. హాలు కొంచెము చల్లబడును; ఆ మాత్రపు ఖర్చు యంత్రమును కాపాడుటకై యిచ్చు కప్పమనుకొనవలెను. మూడవది, చిన్న జోన్ల తలుపులను పూర్తిగా మూతపడనీయక కొంత సందు విడుచుట. దానితోపాటు రాత్రివేళ పంకా వేగమును తగినంత తగ్గించుట. క్రొత్త యిన్వర్టరు యంత్రములు గాలిని, చల్లదనమును రెండింటిని తామే తగ్గించుకొనగలవు గనుక వానికి విడుపు తక్కువ చాలును. మా దట్టిది కాదు.

మేము రెండవ మూడవ మార్గములను కలిపి చేయించితిమి. బరువును సరిచూచు విధానము నేను దగ్గఱ నిలిచి నేర్చుకొంటిని. నాలుగు జోన్లును తెఱచియున్నపుడు విడుపురేకు మూసియుండవలెను. ఒక్కొక్కటిగా మూయుచు వచ్చినపుడు రేకు కొంచెము కొంచెముగా లేవవలెను. అన్నిటికంటె చిన్న గది యొక్కటియే తెఱచియున్నపుడు అది బాగుగా తెఱచుకొనవలెను. మొదటినుండియు తెఱచియుండినచో బరువు చాలలేదన్నమాట. కడవఱకు లేవకున్నచో బరువు హెచ్చినదన్నమాట. ఇంకొక చిన్న పనియు చేయించితిమి. గాలి గదిలోనికి వచ్చుటకు జాలి గలదు గాని, తలుపు వేసినపుడు అది తిరిగి పోవుటకు దారి లేదు. అత్తగారి గది తలుపుపైన జానెడు వెడల్పును మూరెడు పొడవును గల జాలి నొకదానిని పెట్టించితిమి. పూర్వపు టిండ్లలో ప్రతి ద్వారముపైనను గాలిసందు లుండెడివి. ఏసీలు వచ్చిన పిదప చల్లదనము పోవునని వానిని మూసివేసితిమి. మీ యింట డక్టులున్నచో, తలుపును చేరవేసి సందు దగ్గఱ పలుచని కాగితము పట్టి చూడుడు. కాగితము గట్టిగా బయటికి కొట్టుకొన్నచో, తలుపు తనంతట కదలినచో, ఆ గదికి మఱికొంత విడుపు కావలెనని తెలిసికొనవచ్చును. ఆ రాత్రి మొదలు మా అత్తగారు తమ మంచముమీదనే నిద్రించుచున్నారు.

పని ముగిసిన నాడు భోజనమువేళ మా వారొక ప్రశ్న వేసిరి. ఇంటిలో బిగియ మూసినది మఱి యెక్కడెక్కడ నున్నదని. కర్మాగారమున నదియే వారి నిత్యపు పని. పిల్లలును నేనును ఆలోచించి గీజరు, కుక్కరు అని చెప్పితిమి. అప్పుడే లేచి పోయి గీజరు చూచితిమి. దాని క్రింద నీరు వచ్చు గొట్టమునకు రక్షణవాల్వు గలదు. ఆ వాల్వునుండి వ్రేలంత సన్నని గొట్టము బయటికి వచ్చును. ఆ గొట్టము చివర ఇత్తడి బిరడా బిగించియున్నది. వెనుకటి శీతకాలమున మేము ఊరిలో లేనపుడు, అది చుక్కచుక్కగా కారి నేల తడియుచున్నదని బంధువులు పిలిపించిన ప్లంబరు చేసిన పని యది. ఇక చుక్క రాదని చెప్పి పోయెనట. నిజముగనే రాలేదు. ఆ గీజరు మా అత్తగారి స్నానపుగదిలోనిది. ఆరు నెలలు ప్రతి ఉదయమును ఆమె దాని క్రిందనే స్నానము చేసిరి.

నీరు కాగినపుడు వ్యాకోచించును. 25 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 65 డిగ్రీలకు కాచినచో అది సుమారు 400 మిల్లీలీటర్లు, అనగా రెండు గ్లాసులంత పెరుగును. నీటిని నొక్కి చిన్నది చేయుట దాదాపు అసాధ్యము. గీజరుకు నీరు వెనుకకు పోకుండ ఒంటిదారి వాల్వున్నచో, పెరిగిన యా రెండు గ్లాసులకు పోవుటకు చోటు లేదు. ఒత్తిడి మిక్కిలి పెరిగి, రక్షణవాల్వు తెఱచుకొని కొన్ని చుక్కలు బయటికి వదలును. కావున కాగునపుడు మాత్రము నాలుగు చుక్కలు కారుట వ్యాధి కాదు. అది వాల్వు బ్రతికియున్నదనుటకు గుర్తు. కాగనపుడును ధారగా కారుచున్నచో వాల్వు పాడైనదని యెంచి మార్పింపవలెను. గీజరు తొట్టి యెంత ఒత్తిడి నోర్చునో దానిపై వ్రాసియుందురు. 8 బార్లని యుండినచో, 80 మీటర్ల యెత్తున నిలిచిన నీరు క్రిందికి నొక్కు నొత్తిడి యని యర్థము. వేడిని అదుపుచేయు థర్మోస్టాటును, దానికి తోడైన రక్షణమీటయు రెండును చెడి, విడుపు గొట్టము కూడ మూసియున్నచో, నీరు 100 డిగ్రీలు దాటియు ద్రవముగనే యుండును. తొట్టి చిట్లిన క్షణమున అందులో కొంత యొక్కమాఱుగా ఆవిరియగును. లీటరు నీరు ఆవిరియైనచో సుమారు 1,600 లీటర్ల చోటు కోరును. స్నానపుగది గోడలు దాని నోర్చునా?

మఱునాడే వేఱొక ప్లంబరు వచ్చెను. విద్యుత్తు ఆపి, నీరు చల్లారిన పిదప బిరడా తీయించి, వాల్వునే క్రొత్తది వేయించితిమి. మా బోరునీటిలో సున్నపుపాలు హెచ్చు గనుక పాతదానిలో తెల్లని గార పేరుకొని, బిరడా లేకున్నను అది సగము బిగుసుకొనియే యున్నది. ఈ సారి గొట్టమును క్రిందికి దింపి, నీరుపోవు తూము నోటివఱకు పొడిగించితిమి. నేలయు తడియదు, చుక్కయు ఆగదు. మొదట వచ్చిన ప్లంబరు తడినేల యను నొక చిన్న యిబ్బందిని చూచి, దానిని తొలగించుటకు పెద్ద యపాయమును తెచ్చిపెట్టెను. విడుపు ఎప్పుడును కొంచెము ఇబ్బంది కలిగించును. బుసకొట్టును, కారును, ఈలవేయును, కొంచెము చల్లదనమును వృథాచేయును. ఆ ఇబ్బందిని చూచియే జనులు దానిని మూయుదురు.

కుక్కరు సంగతి మన కందఱికి తెలిసినదే యైనను దాని పుట్టుక ముచ్చటైనది. 1679లో డెనీ పపాఁ యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లండనులో ఎముకలను సైతము మెత్తబఱచు మూతబిగిసిన పాత్రను పండితులకు చూపెను. ఆవిరి హెచ్చినపుడు తనంతట లేచునట్లు బరువు కట్టిన తలుపును దానికి అమర్చిన కీర్తియు నాతనిదే. మూడున్నర శతాబ్దములైనను నేటి కుక్కరు బరువు ఆ వంశములోనిదే. సామాన్యముగా చదరపుటంగుళమునకు 15 పౌనుల యొత్తిడి పెరుగువఱకు అది యావిరిని నిలుపును. అందుచేత లోపలి నీరు సుమారు 120 డిగ్రీల వేడిమి పొంది, పప్పు త్వరగా ఉడుకును. బరువు కదలకున్నచో మూతపైనున్న రక్షణబిళ్ల కరగి ఆవిరిని వదలును. పట్టు ఒక్కటైన ఆ చిన్న పాత్రకు విడుపులు రెండు పెట్టిరి! పప్పు నురుగు పొంగి ఆవిరిరంధ్రమున చేరును గనుక, పప్పు, శనగలు, బియ్యము వంటివానిని సగమునకు మించి నింపరాదు. మూత పెట్టుటకు ముందు రంధ్రమును వెలుతురునకెత్తి చూడవలెను. కరగిన బిళ్లకు బదులు దానికి సరియైన బిళ్లనే వేయవలెను గాని నాణెమునో రేకుముక్కనో వేసి బిగింపరాదు. ఇంటి కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి యని కేంద్రప్రభుత్వపు ఉత్తరువు 2021 ఫిబ్రవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. కొనునపుడు ఆ గుర్తును చూచికొనుట మన పని.

విడుపు యెచటికి పోవును అనునది మఱియొక ప్రశ్న. కుక్కరు ఆవిరి పొయ్యి దగ్గఱ ఆడుకొను బిడ్డ ముఖమునకు తగులరాదు. ఏసీ విడుపు మంచముపై పడరాదు. కర్మాగారములలో నిదియే పెద్ద విషయమగును. మందులు వండు పాత్రలకు, వారు రియాక్టరులని పిలుచువానికి, రక్షణవాల్వులును, ఒత్తిడికి తామే చినిగి దారి యిచ్చు పలుచని లోహపు బిళ్లలును ఉండును. కాని వదిలినది విషవాయువైనచో దానిని మఱియొక తొట్టిలోనికి పట్టి, కడిగి, కాల్చి, అపాయము లేనిదానిగా చేసిన పిదపనే బయటికి పోనీయవలెను. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాలులో తొట్టి రక్షణవాల్వు తెఱచుకొన్నది. అది తన పని చేసినది. దానికి ఆవల వాయువును కడుగవలసిన యంత్రమును, కాల్చవలసిన స్తంభమును పనికి రాకపోయెను. విడుపు నిద్రించు ప్రజలపై పడెను. మా ప్రాంతముననే నక్కవాగులోనికి కర్మాగారముల మురికినీరు పారి, చేలు బావులు చెడిపోవుటచే, ఆ వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టునకు ఎక్కినది. తన యింటి యొత్తిడిని పొరుగువాని నెత్తిపై దించుట విడుపు కాదు.

ఈ సంగతులన్నియు మేము మాటలాడుకొన్నది 2025 మే నెలలో. ఆ జూను 30వ తేదీ ఉదయము పాశమైలారములో సిగాచి వారి కర్మాగారమున ప్రేలుడు జరిగెను. అచట మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజు అను తెల్లని పొడి తయారగును. కొయ్యగుజ్జునుండి తీయు నా పొడియే మనము నిత్యము మ్రింగు మాత్రలను చెదరకుండ పట్టియుంచును. నలువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో ననేకులు ఇతర రాష్ట్రములనుండి కూలికై వచ్చినవారు. కారణమును నిర్ణయించుట విచారించువారి పని. నేను చెప్పదగినది కాదు. మా వారి కర్మాగారము వేఱైనను, ఆ యుదయమున వారి ఫోను చాలసేపు కలియలేదు. వీధిలోని ప్రతి యింటి గుమ్మమున నొక స్త్రీ ఫోను చెవిని పెట్టుకొని నిలిచియుండెను. మా అత్తగారు దేవుని గూటి యెదుట కూర్చుండి లేవలేదు. మధ్యాహ్నమునకు వారి గొంతు వినబడెను. అందఱి గుమ్మములకు నట్టి గొంతు రాలేదు. కొందఱు తల్లులు తమ బిడ్డల దేహములను గుర్తింపలేక, రక్తపరీక్షల ఫలితములకై దినములకొలది ఆసుపత్రి యెదుట వేచియుండిరి.

ఆ సాయంకాలము నేను మా వారిని అడిగితిని: మీ చోట పొడి నెండబెట్టు యంత్రములకు విడుపు యెక్కడ నున్నది? అది యెటువైపు తెఱచుకొనును? అటువైపు మనుష్యులు నిలుతురా? వారు కాగితముపై గీచి చూపిరి. సన్నని పొడి గాలిలో లేచినపుడు నిప్పురవ్వ తగిలినచో మందుగుండు వలె అంటుకొనును. గోధుమపిండియు, పంచదారపొడియు, పసుపుపొడియు సైతము అట్టివే. అందుకై నట్టి యంత్రములకు బలహీనమైన రేకు నొకదానిని బుద్ధిపూర్వకముగా అమర్చి, ప్రేలినచో అది మాత్రమే ఊడి, మంట మనుష్యులు లేని వైపునకు పోవునట్లు చేయవలెనట. ఆవిరి బాయిలర్లకు రక్షణవాల్వులును, ఏటేట తనిఖీయు చట్టము విధించినది. 1923 నాటి బాయిలర్ల చట్టమునకు బదులుగా 2025లో క్రొత్త చట్టమును చేసిరి. చట్టము పుస్తకములో నుండును. వాల్వు తుప్పు పట్టకుండ చూచుట మనుష్యుని చేతిలో నుండును. ఏదో యొక వాల్వు కారుచున్నదని, పని ఆగిపోవునని, దానిని బిగించి పొమ్మని యెవరైన చెప్పినపుడు, కాదని చెప్పగల మనుష్యుడొకడు అచట నుండవలెను. అట్లు చెప్పి యింటికి వచ్చిన పురుషుని, ఉద్యోగమునకు ముప్పు తెచ్చుకొంటివని యింటివారు నిందింపరాదు. ఆ మాటలో మన వంతు సహాయము ఇంతకంటె వేఱులేదు.

సోదరీమణులారా, ఇందలి లెక్కలు మఱచినను చింత లేదు. మీ యింట ఏదైన యంత్రమును క్రొత్తగా బిగించునపుడు పనివానిని మూడు మాటలడుగుడు: ఒత్తిడి హెచ్చినచో ఇది యెక్కడ వదలును? ఆ దారి మూతపడినచో నాకెట్లు తెలియును? వదలినది యెవరిమీద పడును? సమాధానము చెప్పలేనివానికి డబ్బు చెల్లింపకుడు. ఏసీ వడపోతజల్లెడను నెలకొకసారి కడుగుడు. అది మురికిపట్టినను గాలిదారి మూసినట్లే. ఇంటిలోనివారు కర్మాగారమునకు పోవువారైనచో వారిని కూడ ఆ మూడు మాటలే అడుగుడు. వారికి తెలియనిచో తెలిసికొని రమ్మనుడు. అన్నిటికంటె ముందు, ఈ వ్యాసము చదివి ముగించినవెంటనే మీ స్నానపుగదిలోనికి పోయి గీజరు క్రింది చిన్న గొట్టమును చూచి రండు. దాని చివర బిరడా యున్నచో, మీట ఆపి, నీరు చల్లారనిచ్చి, పని తెలిసినవానిచేత నేడే తీయింపుడు.